దాత తరువాత కళ ఏమవుతుంది?

ఉక్కునగరం భిలాయి పరిసరాలలో వికసించిన జానపద కళాబృందాల అనుభవం, దేశంలోని ప్రతి చిన్న కళాసంఘానికీ ఒక హెచ్చరిక, ఒక ఆశ.

హౌరా నుండి ముంబాయికి సాగే రైలుమార్గంలో, రాయపూర్, దుర్గ్ నగరాల నడుమ చరోదా అనే పట్టణం ఉన్నది. రైల్వే ఉద్యోగులు ఈ ఊరిని భిలాయి మార్షలింగ్ యార్డు పేరుతోనే ఎక్కువగా ఎరుగుదురు. ఉక్కు కర్మాగారానికి ముడిసరుకు తెచ్చే గూడ్సు బండ్లు, అక్కడి నుండి ఉక్కును మోసుకుపోయే బండ్లు ఇక్కడ విడిపోయి, మళ్ళీ కూర్పబడి తమతమ దిక్కులకు కదలిపోతాయి. పగలు, రాత్రి భేదం లేని ఈ యార్డు చుట్టూ రైల్వే కాలనీలు పెరిగాయి. పట్టణ పరిధిలోనే ఉన్న దేవ్‌బలోదాలో కలచూరి రాజుల కాలం నాటి శివాలయం ఒకటి ఉన్నది. మహాశివరాత్రినాడు అక్కడ పెద్ద తిరునాళ్ళు జరుగుతాయి.

ఈ ప్రాంతం తెలుగువారికి పరాయిది కాదు. రాయపూర్ నుండి విజయనగరం వరకు రైలుమార్గం 1931లో పూర్తి అయినప్పటినుండి ఉత్తరాంధ్ర ప్రజలకు ఛత్తీస్‌గఢ్ పొరుగిల్లయింది. రైల్వేలలోను, ఆ తరువాత ఉక్కు కర్మాగారంలోను ఉద్యోగాలు దొరికి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. తెలుగువారు చేరిన చోటనల్లా ఒక సంఘం, ఒక భజన మండలి, ఉగాదికి ఒక నాటకం వెలుస్తాయి. వాటితోపాటు ఒక పాత ప్రశ్న కూడా తలయెత్తుతుంది: దీనికి డబ్బు ఎవరు పెట్టుకుంటారు? పెట్టినవారు వెళ్ళిపోతే ఏమవుతుంది?

ఆ ప్రశ్నకు సమాధానం వెదకడానికి చరోదా చుట్టుపక్కల సీమకంటె మంచి చోటు దొరకడం కష్టం. గత నూరేళ్ళలో ఇక్కడి జానపద కళకు ఒక భూస్వామి, ఒక వ్యవసాయ శాస్త్రజ్ఞుడు, ఒక నాటక దర్శకుడు, ఒక కర్మాగారం, ఒక కార్మిక సంఘం వేర్వేరు కాలాలలో అండగా నిలిచారు. ఒక్కొక్కరి పద్ధతి ఒక్కొక్క తీరు. ఒక్కొక్క పద్ధతి మిగిల్చిన ఫలితం ఒక్కొక్క తీరు.

భూమి కరిగి కళ అయిన కథ

ఛత్తీస్‌గఢ్ పల్లెల జానపద నాటకాన్ని 'నాచా' అంటారు. మన వీథినాటకం వలె దీనికి ప్రత్యేకమైన రంగస్థలం అక్కరలేదు. ఊరి నడిబొడ్డున నాలుగు బాదులు పాతి, పైన గుడ్డ కట్టి రాత్రంతా ఆడుతారు. హాస్యగాడైన 'జోక్కర్', ఆడవేషం ధరించిన 'పరీ' ఇందులో ముఖ్యపాత్రలు. మన కేతిగాడు, బంగారక్క గుర్తుకు వస్తే అది పొరపాటు కాదు. పూర్వం వాద్యగాళ్ళు నిలబడియే వాయించేవారు. దివిటీల వెలుగే దీపాలు.

రాజనందగాఁవ్ సమీపంలోని రవేలీ గ్రామానికి చెందిన మాల్‌గుజారు కుటుంబంలో పుట్టిన దులార్ సింగ్ సావ్, 1920ల దశకం చివర ఈ ఆటకు ఒక కట్టుదిట్టమైన బృందాన్ని కూర్చాడు. మాల్‌గుజారంటే ఆ ప్రాంతంలో శిస్తు వసూలు అధికారం గల భూస్వామి. ఆయనను జనం 'దావూ మందరాజీ' అని పిలుచుకున్నారు. నిలబడి వాయించే వాద్యగాళ్ళను ఆయన కూర్చోబెట్టాడు. నాచాలోకి హార్మోనియం తెచ్చాడు. దివిటీ స్థానంలో పెట్రోమాక్స్ దీపం వెలిగించాడు. అంటరానితనాన్ని, బాల్యవివాహాన్ని ఆటలోని హాస్యంతోనే ఎండగట్టాడు. రవేలీ నాచా వస్తున్నదంటే చుట్టుపట్ల ఊళ్ళు ఖాళీ అయ్యేవి.

కాని ఆ బృందానికి ఖజానా అనేది వేరే లేదు. దావూ ఆస్తియే దాని ఖజానా. నటులకు తిండి, ప్రయాణం, వాద్యాలు, వేషాలు అన్నీ ఆయన చేతినుండే. ఏళ్ళు గడిచేకొద్దీ పొలం తరువాత పొలం చేజారిపోయింది. తయారైన నటులు మెరుగైన అవకాశాలు వెదుక్కుంటూ ఇతర బృందాలకు వెళ్ళిపోయారు. 1984లో మరణించేనాటికి ఒకనాటి ఆ భూస్వామి నిరుపేద. ఆ తరువాత ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర ప్రభుత్వం జానపద కళాకారులకు ఇచ్చే పురస్కారానికి ఆయన పేరు పెట్టింది.

దావూ త్యాగాన్ని కొనియాడని వారు లేరు. అయితే ఆ త్యాగంలోనే ఒక లోపం దాగి ఉన్నది. బృందం ఆదాయవ్యయాలను బృందమే మోసే ఏర్పాటు ఏనాడూ జరగలేదు. పోషకుడు, కళ ఒకే పడవలో ప్రయాణించారు. పడవకు చిల్లి పడినప్పుడు ఇద్దరూ మునిగారు.

బఘేరా బంతిపూలు

రెండవ ప్రయత్నం దుర్గ్ సమీపంలోని బఘేరా గ్రామంలో జరిగింది. దావూ రామచంద్ర దేశ్‌ముఖ్ వ్యవసాయశాస్త్రం చదివినవాడు, స్వయంగా రైతు. ఛత్తీస్‌గఢీ భాషను, ఆ నేల సంస్కృతిని చదువుకున్నవారు చిన్నచూపు చూడడం ఆయనను బాధించింది. ఊరూరా తిరిగి గాయకులను, వాద్యగాళ్ళను, కవులను వెదికి తెచ్చాడు. 1971 నవంబరు 7న బఘేరాలో 'చందైనీ గోందా' మొదటి ప్రదర్శన జరిగింది. గోందా అంటే బంతిపువ్వు. ఛత్తీస్‌గఢ్ రైతు జీవితం, అతని కష్టం, అతని పండుగ ఇందులో పాటలుగా, దృశ్యాలుగా నడుస్తాయి. అరవైమందికి పైగా కళాకారులు ఒకే వేదికపై కనిపించడం ఆ ప్రాంతంలో అంతకుముందు ఎరుగని సంగతి. లక్ష్మణ్ మస్తూరియా రచించిన గీతాలు, ఖుమాన్‌లాల్ సావ్ కూర్చిన బాణీలు ఆకాశవాణి రాయపూర్ కేంద్రం ద్వారా ఇంటింటికీ చేరాయి.

ఇక్కడ కూడా పోషకుడు ఒక్కడే. అంత పెద్ద బృందాన్ని నడపడం ఒక వ్యక్తికి ఎంతకాలం సాధ్యం? కొన్నేళ్ళ తరువాత దేశ్‌ముఖ్ ఆ బాధ్యతనుండి తప్పుకున్నాడు. కాని కళ ఆయనతో ఆగిపోలేదు. ఖుమాన్‌లాల్ సావ్ ఆ పేరును, ఆ పాటలను నిలబెట్టి, 2019లో తాను మరణించేవరకు బృందాన్ని నడిపాడు. దేశ్‌ముఖ్ 1998లోనే కన్నుమూశాడు. మందరాజీ కథకు, ఈ కథకు భేదం ఇక్కడే ఉన్నది. తన తరువాత బాధ్యత అందుకోగల మనిషి తన కళ్ళముందే తయారుకావడం దేశ్‌ముఖ్ అదృష్టం. కాని అది అదృష్టమే తప్ప ఏర్పాటు కాదు. అదృష్టం మీద ఆధారపడే సంస్థకు రెండవ తరం దాటడం కష్టం.

ఢిల్లీ దారి పట్టిన పల్లె నటులు

మూడవ మార్గం చూపినవాడు రాయపూర్‌లో పుట్టిన హబీబ్ తన్వీర్. 1958లో సంస్కృత 'మృచ్ఛకటికా'న్ని 'మిట్టీ కీ గాడీ'గా ఢిల్లీలో ప్రదర్శించినప్పుడు ఆయన ఆరుగురు ఛత్తీస్‌గఢీ నాచా నటులను వెంట తీసుకువెళ్ళాడు. మరుసటి ఏడు భార్య మోనికా మిశ్రాతో కలిసి 'నయా థియేటర్' స్థాపించాడు. పల్లె నటులచేత నగరపు హిందీ పలికించడం మొదట్లో ఫలించలేదు. వారి నాలుకకు అలవాటైన ఛత్తీస్‌గఢీలోనే వారిని మాట్లాడనిచ్చిన తరువాతగాని ఆ నటనలోని జీవం బయటపడలేదు. 1975లో వచ్చిన 'చరణ్‌దాస్ చోర్' 1982లో ఎడిన్‌బరో నాటకోత్సవాలలో ఫ్రింజ్ ఫస్ట్ పురస్కారం పొందింది. చదువు అంతగా లేని పల్లెటూరి నటులు ప్రపంచ రంగస్థలం మీద నిలబడిన ఘట్టమది.

ఈ బృందం నడిచిన తీరు వేరు. ఇది నమోదైన సంస్థ. ప్రదర్శనల రాబడికి తోడు ప్రభుత్వ సహాయం పొందేది. నటులకు నెలనెలా జీతం ముట్టజెప్పాలన్నది దాని సంకల్పం. ఐనప్పటికీ అందరి ముసలితనానికి అది గొడుగు పట్టలేకపోయింది. చరణ్‌దాస్ పాత్రతో పేరు పొందిన గోవిందరామ్ నిర్మల్కర్‌కు 2009లో పద్మశ్రీ లభించింది. అయినా ఆయన చివరి సంవత్సరాలు అనారోగ్యంతో, ఆర్థికమైన ఇబ్బందులతో గడిచాయి. ఆయన 2014లో మరణించాడు. పతకం గౌరవాన్ని తెస్తుందే తప్ప మందుల చీటీకి డబ్బు చెల్లించదు. హబీబ్ తన్వీర్ 2009లో కన్నుమూసిన తరువాత కుమార్తె నగీన్ తన్వీర్ ఆ బాధ్యతను అందుకున్నారు.

జీతమిచ్చిన కర్మాగారం

భిలాయికి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలోని గనియారీ గ్రామంలో పుట్టిన తీజన్‌బాయి కథ దేశమంతా ఎరిగినదే. తాత పాడే మహాభారతాన్ని విని, ఆమె ఆ కథాగానాన్ని నేర్చుకున్నది. దానిని 'పండవానీ' అంటారు. ఆ రోజులలో స్త్రీలు కూర్చుని పాడే 'వేదమతి' పద్ధతినే అనుసరించేవారు. లేచి నిలబడి, తంబూరాను ఒక క్షణం భీముని గదగా, మరొక క్షణం అర్జునుని విల్లుగా మార్చి ఆడే 'కాపాలిక' పద్ధతి పురుషులది. తీజన్‌బాయి ఆ గీతను దాటింది. కులంవారు ఆమెను వెలివేశారు. పదమూడవ ఏట చంద్రఖురీ గ్రామంలో ఇచ్చిన తొలి ప్రదర్శనకు ఆమెకు దక్కిన పారితోషికం 10 రూపాయలు.

1986లో భిలాయి ఉక్కు కర్మాగారం ఆమెను ఉద్యోగంలోకి తీసుకున్నది. ఆ కర్మాగారం జానపద కళలపై అప్పటికే శ్రద్ధ చూపుతున్నది. ఛత్తీస్‌గఢ్ లోకకళా మహోత్సవాన్ని 1970ల దశకం నుండి నిర్వహిస్తున్నది. ఉద్యోగం వలన ఆమెకు దొరికినది కేవలం నెలజీతం కాదు. రేపటి గింజల కోసం ఇవాళ్టి పాటను తాకట్టు పెట్టవలసిన అవసరం తప్పింది. ఆ తరువాత 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ ఆమెను వరించాయి.

ఈ పద్ధతి మంచిదే. కాని ఒక కర్మాగారం ఎందరిని ఉద్యోగులుగా చేర్చుకోగలదు? ఆమె వెనుక కూర్చుని వంతపాట పాడే రాగీకి, హార్మోనియం వాయించేవానికి, ఊరి నాచాలో జోక్కరుకు అందరికీ హాజరు పట్టీలో చోటు దొరకదు. వారిని ఆదుకోవలసినది వారి సంఘమే.

గని కార్మికుల చందా

భిలాయి కొలిమికి ఇనుపరాయి అందించే దల్లీ రాజహరా గనులలో మరొక ప్రయోగం జరిగింది. 1977లో కాంట్రాక్టు కార్మికులు తమ సొంత సంఘం పెట్టుకున్నారు. 1983లో తమ చందాలతో, తమ శ్రమదానంతో 'షహీద్ ఆస్పత్రి'ని స్థాపించుకున్నారు. వారి ఉద్యమంలో పాటకు, నాటకానికి మొదటినుండి చోటు ఉండేది. ఆ సంఘం రాజకీయాలతో ఏకీభవించనివారు కూడా ఒక సంగతి ఒప్పుకుంటారు. ఒక్కొక్కరు ఇచ్చినది చిన్న మొత్తమే అయినా, ఇచ్చినవారు వేలమంది అయినప్పుడు లెక్క అడిగే హక్కు కూడా వేలమందికి వస్తుంది. ఒక దాత కోపగించినంత మాత్రాన తలుపులు మూతపడవు.

తెలుగునాట సురభి నాటక సమాజాలది ఇంకొక దారి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు నాంది పలికిన ఈ సంప్రదాయంలో కుటుంబమే సంస్థ. తల్లి రాణి వేషం వేస్తే చంటిబిడ్డ బాలకృష్ణుడు. కుటుంబం పెరిగినకొద్దీ సమాజాలు చీలి, ఒక దశలో ముప్పైకి మించాయి. నేడు వేళ్ళమీద లెక్కపెట్టదగినన్నే మిగిలాయి. కుటుంబ బంధం ఈ కళను నూట నలభై ఏళ్ళు మోసింది. అయితే తరువాతి తరం వేరే చదువులు, వేరే ఉద్యోగాలు ఎన్నుకున్నప్పుడు ఆ బంధమొక్కటే సరిపోలేదు.

చట్టం ఇచ్చిన చట్రం

ఈ కథలన్నీ ఒకే చోటికి దారితీస్తాయి. కళకు డబ్బు కావాలి. ఆ డబ్బుకు ఒక ఇల్లు కావాలి. ఆ ఇంటికి చట్టం చాలాకాలం క్రిందటే నమూనా గీసి ఇచ్చింది. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టం ప్రకారం ఏడుగురు వ్యక్తులు కలిస్తే చాలు, సాహిత్యం, కళలు, ధర్మకార్యాల కోసం ఒక సంఘాన్ని నమోదు చేసుకోవచ్చు. ఛత్తీస్‌గఢ్‌లో 1973 నాటి మధ్యప్రదేశ్ చట్టం, తెలుగు రాష్ట్రాలలో 2001 నాటి చట్టం ఇప్పుడు ఈ పని చేస్తున్నాయి.

ఆ పాత చట్టంలోని రెండు నిబంధనలు ఈనాటికీ మననం చేయదగినవి. కార్యవర్గ సభ్యుల పేర్ల జాబితాను ఏటేటా రిజిస్ట్రారుకు సమర్పించాలన్నది మొదటిది. ఎవరి చేతిలో బాధ్యత ఉన్నదో లోకానికి తెలియాలని దాని ఉద్దేశం. సంఘం రద్దయితే అప్పులు తీర్చగా మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకోరాదు, మరొక సంఘానికే అప్పగించాలన్నది రెండవది. అంటే హార్మోనియం, తెరలు, కిరీటాలు, బ్యాంకులోని నిల్వ ఇవేవీ అధ్యక్షునివి కావు, కోశాధికారివి కావు. అవి కళవి.

డబ్బు ఇచ్చే చేయి కళ గొంతు పట్టుకోకూడదన్న ఆలోచన ఇతర దేశాలలోనూ ఉన్నది. బ్రిటన్‌లో 1946లో ఏర్పడిన ఆర్ట్స్ కౌన్సిల్ ఈ సూత్రం మీదనే నిలిచింది: నిధి ప్రభుత్వానిది, ఎంపిక స్వతంత్రమైన సంఘానిది. మన దేశంలో 1953లో ప్రారంభమైన సంగీత నాటక అకాడమీ కూడా స్వయంప్రతిపత్తి గల సంస్థగానే రూపుదిద్దుకున్నది. 1980ల దశకంలో ఏర్పడిన ప్రాంతీయ సాంస్కృతిక కేంద్రాలలో నాగపూర్ కేంద్రం పరిధిలోనే ఛత్తీస్‌గఢ్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మూడూ ఉన్నాయి. పండవానీ గాయకురాలికీ, బుర్రకథ దళానికీ అదే తలుపు.

రెండు శాతం నిధి

2014 ఏప్రిల్ 1 నుండి ఇంకొక తలుపు తెరుచుకున్నది. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత పరిమాణం గల కంపెనీలు, గడచిన మూడేళ్ళ సగటు నికరలాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత క్రింద ఖర్చు చేయాలి. సంప్రదాయ కళలు, హస్తకళల పోషణ కూడా ఆ పనుల పట్టికలో ఉన్నది. కర్మాగారం నీడలో ఉన్న చరోదా వంటి పట్టణాలలోని సంఘాలకు ఇది సహజంగానే ఆశ కలిగిస్తుంది.

ఆశపడేముందు రెండు సంగతులు గుర్తించడం మేలు. ఈ డబ్బు అందుకోవాలంటే సంఘం నమోదై ఉండాలి. ఆదాయపు పన్ను శాఖ గుర్తింపు పొంది ఉండాలి. 2021 ఏప్రిల్ నుండి కంపెనీల వ్యవహారాల శాఖవద్ద వేరే నమోదు కూడా తప్పనిసరి అయింది. సొంతంగా ఏర్పడిన సంఘానికి ఆ రంగంలో కనీసం మూడేళ్ళ అనుభవం ఉండాలి. నిన్న పుట్టి, రేపు అర్జీ పెట్టేవారికి ఇందులో చోటు లేదు.

రెండవ సంగతి ఇంతకంటె ముఖ్యమైనది. లాభంలో వంతు అంటే లాభం ఉన్నప్పుడే వంతు. భిలాయి కర్మాగారానికి యాజమాన్యమైన స్టీల్ అథారిటీ 2015-16 నుండి 2017-18 వరకు వరుసగా మూడేళ్ళు నష్టాలు చవిచూసింది. ఉక్కు ధర దూరదేశపు బజారులో పడిపోతే ఆ వంతు కూడా కరిగిపోతుంది. మందరాజీ పొలాలు కరిగినట్లే ఇదీ కరుగుతుంది. దాత రూపం మారిందంతే.

నాలుగు కట్టుబాట్లు

అయితే చిన్న సంఘం చేయవలసినదేమిటి? పై అనుభవాలనుండి నాలుగు కట్టుబాట్లు తేలుతాయి.

మొదటిది లెక్క. వచ్చిన ప్రతి రూపాయికీ రసీదు, వెళ్ళిన ప్రతి రూపాయికీ ఓచరు ఉండాలి. బ్యాంకు ఖాతాను ఇద్దరి సంతకాలతో నడపాలి. ఏడాదికొకసారి సర్వసభ్య సమావేశంలో ఆడిటరు తనిఖీ చేసిన లెక్కను పైకి చదవాలి. నమ్మకం ఉన్నదికదా అని లెక్క మానరాదు. లెక్క ఉన్నచోటే నమ్మకం నిలుస్తుంది.

రెండవది అనేక దాతలు. సభ్యుల చందా, టిక్కెట్టు, ఊరి వర్తకుల విరాళం, ప్రభుత్వ సహాయం, కంపెనీ నిధి ఇన్ని పాయలు కలిస్తేనే చెరువు ఎండదు. అన్నిటిలోను సభ్యుల చందా చిన్నదే కావచ్చు. కాని సంఘం తమదన్న భావాన్ని ఇచ్చేది అదొక్కటే.

మూడవది కళాకారుని వంతు. పందిరికి, మైకుకు, శాలువలకు, భోజనాలకు పోగా మిగిలినది పాడినవారికి ఇవ్వడం చాలా సంఘాలలో ఆచారమైపోయింది. ఈ వరుస తిరగబడాలి. బడ్జెట్టులో మొదటి పద్దు పారితోషికం కావాలి. రెండవది అనారోగ్యానికి, వార్ధక్యానికి వేరుగా దాచే చిన్న నిధి కావాలి. గోవిందరామ్ వంటి నటుని చివరి రోజులు చెప్పే పాఠమిదే.

నాలుగవది వారసత్వం. కార్యవర్గానికి కాలపరిమితి పెట్టి, ప్రతిసారీ కొందరు కొత్తవారిని, అందులో కళాకారులనే, స్త్రీలను, యువకులను చేర్చుకోవాలి. పాటలు, సంభాషణలు, బాణీలు ఒకరి గొంతులోనే ఉండిపోకుండా వ్రాసి, రికార్డు చేసి సంఘం పేర భద్రపరచాలి. ఖుమాన్‌లాల్ వంటివాడు దొరకడం అదృష్టం. అటువంటివారిని తయారుచేయడం సంస్థ ధర్మం.

ఇవన్నీ కాగితపు పనులని కళాభిమానులు విసుగుకోవచ్చు. పాట ముందు చిట్టాపుస్తకం అల్పంగా కనబడడం సహజం. కాని చరోదా యార్డులో నిత్యం జరిగే పనిని ఒక్కసారి గమనిస్తే చాలు. ఏ బండి ఎక్కడిది, ఏ పెట్టె ఎటు పోవాలి అన్న పట్టీ సరిగా లేకపోతే ఎంత బలమైన ఇంజనైనా సరుకును గమ్యం చేర్చలేదు. కళకు ఇంజను కళాకారుని ప్రతిభ. దానిని ఒక తరం నుండి మరొక తరానికి క్షేమంగా చేర్చేది మాత్రం ఊరివారు కూర్చుని, నిజాయితీగా వ్రాసుకునే ఆ లెక్కపట్టీయే.